బోల్ట్ మూసేటప్పుడు గట్టిగా ఉందా, లేపేటప్పుడా? – రీలోడింగ్ ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చుంటే దాదాపు అన్నిట్లోనూ ఒకటే భయం, తూటా పేలినప్పుడు లోపల పుట్టే గ్యాస్ ఒత్తిడి, అంటే ప్రెషర్, ఎక్కువైపోయిందేమో అని. అమెరికాలో ఉంటూ రైఫిల్ తూటాలు ఇంట్లోనే లోడ్ చేసుకునే మనవాళ్ళు రాసినవే అన్నీ, ఒక్కటి మాత్రం గుంటూరు నుంచి వచ్చింది, దానికి చివర్లో జవాబు చెప్తా. ముందే ఒక మాట, ఏ పౌడర్ ఎన్ని గ్రెయిన్లు (పౌడర్ తూచే కొలత) వెయ్యాలనేది ఈ పేజీలో ఎప్పుడూ రాయను, అది పౌడర్ కంపెనీ బుక్‌లోనో బుల్లెట్ కంపెనీ బుక్‌లోనో చూసుకోవాల్సిందే, ఎందుకంటే ఒకరి రైఫిల్‌లో హాయిగా నడిచిన లోడ్ ఇంకొకరి రైఫిల్‌లో బోల్ట్ పట్టేసేలా చెయ్యొచ్చు. కొత్తవాళ్ళ కోసం పేర్లు చెప్పేస్తా: కేస్ లేదా బ్రాస్ అంటే తూటాకి ఉండే ఇత్తడి గొట్టం, దాని అడుగున పిన్ కొట్టగానే పేలి పౌడర్‌ని అంటించేది ప్రైమర్, పైన బుల్లెట్‌ని పట్టుకునే సన్నటి మెడ నెక్, ఒళ్ళు నెక్‌లోకి సన్నబడే వాలు షోల్డర్, తూటా కూర్చునే బ్యారెల్ వెనక గది చాంబర్, దాన్ని వెనక నుంచి మూసేది బోల్ట్.

ప్రశ్న: అన్నా నమస్తే, నేను డాలస్ దగ్గర ఉంట, 6.5 క్రీడ్‌మోర్ తూటాలు రీలోడ్ చేయవట్టి రెండేండ్లయితుంది. మొన్న ఆగస్టుల రేంజ్‌కి పోతే బోల్ట్ లేస్తలేదు, అరచేత్తోని కొట్టి లేపాల్సొచ్చింది. ప్రైమర్లు చూస్తే అప్పడం లెక్క చదునుగ అయినయి. నేనేసిన పౌడర్ బుక్‌ల ఉన్న మాక్సిమమ్ కంటే తక్కువనే, మార్చిల ఇదే లోడ్ మస్తుగ నడిచింది. ఒక్కటే మార్చిన, బ్రాస్ వేరే కంపెనీది కొన్న. ఇంక 60 రౌండ్లు లోడ్ చేసి ఉన్నయి, కొట్టొచ్చా?
– టెక్సాస్ పాఠకుడు

జవాబు: కొట్టొద్దు తమ్ముడూ. ఆ 60 రౌండ్లూ ఇవాళే ఒక డబ్బాలో పెట్టి పైన పెద్ద అక్షరాలతో "కాల్చకూడదు" అని రాసి పక్కన పెట్టెయ్. సుత్తిలా ఉండే బుల్లెట్ పుల్లర్ తక్కువ ధరకే దొరుకుతుంది, ఒక సాయంత్రం కూర్చుని అన్నీ విప్పేసుకోవచ్చు, బ్రాస్, బుల్లెట్లు ఏవీ పాడవ్వవు. రెండు గంటల పని బద్ధకించి కన్ను మీదకి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా.

ఇప్పుడు కారణం చూద్దాం. నువ్వు రాయని విషయం ఒకటుంది, అదే అన్నిటికంటే ముఖ్యం. కాల్చకముందు రౌండ్ లోపలికి తోసి బోల్ట్ హ్యాండిల్ కిందికి దించేటప్పుడు ఎలా ఉంది? తేలిగ్గా దిగి, కాల్చాక లేవకుండా మొండికేస్తే అది ప్రెషర్ అనే అనుకోవాలి. దించేటప్పుడే గట్టిగా ఉంటే మాత్రం కేస్ చాంబర్‌లో సరిగ్గా కూర్చోవట్లేదని, అలాంటప్పుడు లేపేటప్పుడు గట్టిగా ఉన్నా దాన్ని చూసి ప్రెషర్ గురించి ఏమీ చెప్పలేం. ఈ రెండిట్నీ కలిపేసుకుని అనవసరంగా భయపడేవాళ్ళున్నారు, ఇంకా ఘోరం, అసలు ప్రెషర్‌ని "ఫిట్ సమస్యేలే" అనుకుని కాల్చుకుంటూ పోయేవాళ్ళూ ఉన్నారు.

బోల్ట్ ఎందుకు పట్టేస్తుందో తెలిస్తే మిగతాదంతా దానికదే అర్థమవుతుంది. తూటా పేలినప్పుడు ఇత్తడి కేస్ ఉబ్బి చాంబర్ గోడకి అతుక్కుంటుంది, ప్రెషర్ తగ్గగానే కొంచెం వెనక్కి ముడుచుకుంటుంది, ఆ కొంచెం సందు వల్లే కేస్ సులువుగా బయటికొస్తుంది. ప్రెషర్ మరీ ఎక్కువైతే చాంబర్ ఉక్కు కూడా కొంచెం సాగుతుంది, ఉక్కు మాత్రం మళ్ళీ తన కొలతకి వచ్చేస్తుంది కానీ ఇత్తడి అంత వెనక్కి రాలేదు, దాంతో ఉక్కు దాన్ని పిడికిలితో పట్టినట్టు పట్టేస్తుంది. నువ్వు అరచేత్తో కొట్టి లేపింది ఆ పట్టునే. 6.5 క్రీడ్‌మోర్‌కి సామీ (అమెరికా తూటా, తుపాకీ కంపెనీల ప్రమాణాల సంస్థ) వాళ్ళు పెట్టిన హద్దు 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), మంచి బ్రాస్‌లో బోల్ట్ పట్టేసేంత దూరం వచ్చిందంటే సాధారణంగా ఆ హద్దు దాటేసి ఉన్నట్టే, అంటే ఈ గుర్తు మనకి ముందుగా వచ్చే హెచ్చరిక కాదు, ఆలస్యంగా వచ్చే కబురు.

చదునైన ప్రైమర్ సంగతి. దాన్ని ఒక్కదాన్నే నమ్మొద్దు. పిన్ కొట్టగానే కేస్ ముందుకి జరుగుతుంది, ప్రైమర్ పేలి తన గుంటలోంచి వెనక్కి లేచి బోల్ట్ ముఖానికి ఆనుకుంటుంది, తర్వాత ప్రెషర్ పెరిగి కేస్ వెనక భాగం సాగి వచ్చి ఆ ప్రైమర్‌ని మళ్ళీ గుంటలోకి నొక్కేస్తుంది, ఈ నొక్కుడులో దాని అంచు నలిగి చదునవుతుంది. కాబట్టి సైజింగ్‌లో, అంటే వాడిన కేస్‌ని డై అనే ఉక్కు అచ్చులో నొక్కి మళ్ళీ కొలతకి తెచ్చేటప్పుడు, షోల్డర్ ఎక్కువ వెనక్కి నెట్టేసిన కేస్‌లో మామూలు లోడ్ వేసినా ప్రైమర్ చదునుగా వస్తుంది. ప్రైమర్ కప్పు మందం కూడా ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది, సీసీఐ కంపెనీ 450 ప్రైమర్ కప్పు అదే కంపెనీ 400 కంటే మందం, అదే లోడ్‌కి ఒకటి గుండ్రంగా కనబడితే ఇంకోటి నలిగినట్టు కనబడొచ్చు.

నేను దేన్ని ఎక్కువ నమ్ముతానంటే, అన్నిటికంటే ముందు క్రోనోగ్రాఫ్‌ని, అంటే బుల్లెట్ స్పీడ్ కొలిచే పరికరాన్ని. బుక్‌లో ఆ లోడ్‌కి రాసిన స్పీడ్ కంటే, బ్యారెల్ పొడవు తేడా అంగుళానికి ఓ 20-30 ఎఫ్‌పీఎస్ (సెకనుకి అడుగులు) లెక్కలోకి తీసుకున్నాక కూడా, నీ స్పీడ్ బాగా ఎక్కువ వస్తోందంటే ఆ అదనపు స్పీడ్ ఊరికే రాలేదు, ప్రెషర్ ఇచ్చింది. "నా బ్యారెల్ ఫాస్ట్ బ్యారెల్" అని సర్దిచెప్పుకోవద్దు. తర్వాత బోల్ట్ లేచే తీరు. తర్వాత కేస్ వెనక భాగంలో, బోల్ట్ ముఖం మీదున్న ఎజెక్టర్ (ఖాళీ కేస్‌ని బయటికి తోసేది) గుంటకి ఎదురుగా మెరిసే మచ్చ, ఇత్తడి ఆ గుంటలోకి పారి బోల్ట్ తిప్పేటప్పుడు చెక్కుకుపోయిన గుర్తు అది. ఆ తర్వాత ప్రైమర్ పాకెట్, అంటే ప్రైమర్ కూర్చునే గుంట, కొత్త ప్రైమర్ పెట్టేటప్పుడు చేతికి ఏ అడ్డూ తగలకుండా దిగిపోతోందంటే ఆ కేస్ అడుగు సాగిపోయింది, రెండు మూడు ఫైరింగుల్లోనే అలా అయితే లోడ్ కచ్చితంగా ఎక్కువ. ప్రైమర్ రూపం అన్నిటికంటే చివర.

నీ విషయంలో మారినవి ఒకటి కాదు రెండు. ఒకటి బ్రాస్. బయటి కొలత అన్ని కంపెనీలదీ ఒకటే కదా, మరి ఇత్తడి మందంగా వేస్తే లోపలి చోటు తగ్గాలి, అదే పౌడర్ తక్కువ చోట్లో కాలితే ప్రెషర్ పెరుగుతుంది. పాత బ్రాస్‌దీ కొత్తదీ కాల్చిన, సైజ్ చెయ్యని కేసులు నాలుగైదు తీసుకో, పాత ప్రైమర్ అలాగే ఉంచి ఖాళీగా తూచు, మూతి దాకా నీళ్ళు పోసి మళ్ళీ తూచు, ఆ తేడా లోపలి చోటు. రెండోది ఎండ. మార్చికీ ఆగస్టుకీ టెక్సాస్‌లో ఎంత తేడానో నీకు నేను చెప్పక్కర్లేదు, కొన్ని పౌడర్లు వేడికి బాగా స్పందిస్తాయి, ముఖ్యంగా బాల్ పౌడర్లు; వార్గెట్, హెచ్ 4350 లాంటి పౌడర్లు మాత్రం చాలా తక్కువ. రౌండ్ల పెట్టె ఎండలో బెంచి మీద ఉంచొద్దు, వేడెక్కిన చాంబర్‌లో రౌండ్ పెట్టి టార్గెట్ చూస్తూ నిమిషాలు కూర్చోవద్దు. ఇంకొకటి కూడా చూసుకో, చాలా రోజులుగా బ్యారెల్ సరిగ్గా కడగకపోతే చాంబర్ ముందు గట్టి కార్బన్ రింగ్ కట్టి, నిన్నటి దాకా బాగున్న లోడ్ ఉన్నట్టుండి గట్టిగా కొట్టడం మొదలెడుతుంది.

కొత్త బ్రాస్ అంటే కొత్త లోడ్ అనే అనుకుని బుక్‌లో స్టార్టింగ్ దగ్గర్నుంచి మళ్ళీ మొదలెట్టు, మెల్లగా పైకి రా, ప్రతి మెట్టులో స్పీడ్ రాసుకో. బ్రాసే కాదు, ప్రైమర్ మారినా, బుల్లెట్ మారినా, పౌడర్ కొత్త డబ్బా విప్పినా కిందకి దిగి రావడమే.

ప్రశ్న: నమస్కారం సర్, మేము పెన్సిల్వేనియాలో ఉంటాం, డీర్ సీజన్‌కి మావారూ నేనూ ఇద్దరం 308 రైఫిల్ వాడతాం, లోడింగ్ పని మాత్రం నాదే. నా సమస్య విచిత్రంగా ఉంది. కాల్చిన కేస్ ఏమీ చెయ్యకుండా అలాగే మళ్ళీ చాంబర్‌లో పెడితే బోల్ట్ సులువుగా మూసుకుంటోంది, అదే కేస్ సైజింగ్ డైలో పెట్టి తీశాక గట్టిగా మూసుకుంటోంది. ఎక్కువ సైజ్ చేస్తే బ్రాస్ త్వరగా పోతుందని చదివి డైని కొంచెం పైకి తిప్పి పెట్టాను. చిన్నది చెయ్యాల్సిన డై పెద్దది చేస్తోందా, డై పాడైందంటారా?
– పెన్సిల్వేనియా పాఠకురాలు

జవాబు: డై బానే ఉందమ్మా, మీరు చూసింది కూడా కరెక్టే, నిజంగానే కేస్ పెద్దదయ్యింది. ఇంత శ్రద్ధగా గమనించి రాసినందుకు సంతోషంగా ఉంది, చాలామంది ఈ దశలో బోల్ట్‌ని బలంగా కొట్టి మూసేసి ఊరుకుంటారు.

జరిగేదేంటంటే, కేస్ డైలోకి వెళ్ళేటప్పుడు ముందు నలిగేది దాని ఒళ్ళు. ఒళ్ళు పక్కనుంచి నొక్కుకుపోతే ఆ ఇత్తడి ఎటో పోవాలి కదా, చపాతీ పిండి ముద్దని రెండు చేతుల మధ్య పెట్టి పిసికితే పైకి ఉబికినట్టు, ఖాళీ ఉన్న వైపు అంటే షోల్డర్ వైపు జరుగుతుంది, షోల్డర్ ముందుకి పెరుగుతుంది. కేస్ ఇంకా పైకి వెళ్ళి డై లోపలి షోల్డర్ తగిలితేనే దాన్ని వెనక్కి నెట్టేది. మీరు డైని పైకి తిప్పారు కాబట్టి ఒళ్ళు నొక్కుకుంది కానీ షోల్డర్‌కి డై తగల్లేదు. ఉదాహరణకి కాల్చిన కేస్ కంపారేటర్‌లో (అడుగు నుంచి షోల్డర్ దాకా కొలిచే సాధనం) 1.631 అంగుళాలు చూపిస్తే, మీ సగం సైజింగ్ అయ్యాక 1.634 చూపించొచ్చు, మనకి కావాల్సింది 1.629. ఈ అంకెలు మీ కంపారేటర్‌లో వేరేగా రావొచ్చు, దానికి కంగారు లేదు, మనకి కావాల్సింది ఆ కేస్‌కీ ఈ కేస్‌కీ తేడా మాత్రమే.

అంగుళంలో వెయ్యో వంతుని థౌ అంటారు, వెంట్రుక మందమే సుమారు 2 నుంచి 4 థౌ ఉంటుంది, అంత చిన్న కొలతతో పని మనకి. బోల్ట్ యాక్షన్‌కి కాల్చిన కేస్ కంటే షోల్డర్ 1 లేదా 2 థౌ వెనక్కి వెళ్తే చాలు, వేటలో చలికి చేతులు కొంకర్లు పోయి చాంబర్‌లో కాస్త దుమ్ము పడ్డా బోల్ట్ మూసుకోవాలి కాబట్టి నేనైతే హంటింగ్ రౌండ్లకి 2 పెడతాను. సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కి 3 నుంచి 5 దాకా కావాలి.

డై సెట్ చేసుకునే పద్ధతి, కాస్త ఓపిక పట్టాలి. కాల్చిన కేసులు ఐదారు తీసుకుని ముందు ప్రైమర్లు తీసేయండి, ఎందుకంటే పిన్ కొట్టిన గుంట చుట్టూ లేచిన అంచు కాలిపర్‌కి తగిలి కొలత తప్పు చూపిస్తుంది. కంపారేటర్‌తో అన్నీ కొలవండి, వాటిలో పొడవైనదాన్ని మీ చాంబర్ కొలతగా పట్టుకోండి. ఒక్కసారి మాత్రమే కాల్చిన బ్రాస్ ఇంకా చాంబర్ నిండా సాగకపోవచ్చు, రెండు మూడు ఫైరింగులయ్యాక కొలత నిలకడగా వస్తుంది. ఇప్పుడు డైని మీరు పెట్టిన చోటి నుంచి కొద్దికొద్దిగా కిందికి తిప్పుతూ, ప్రతిసారీ సైజింగ్ వ్యాక్స్ పల్చగా రాసి సైజ్ చేసి, తుడిచి, కొలవండి. మొదట కొలత పెరుగుతుంది, భయపడొద్దు, తర్వాత ఒక చోట తగ్గడం మొదలవుతుంది, అదే షోల్డర్‌కి డై తగిలిన చోటు. అక్కడి నుంచి వెంట్రుకవాసి తిప్పుడే.

ఇక్కడ చాలామంది పడే గుంత ఒకటుంది. కేస్ లేకుండా ప్రెస్ (కేస్‌ని డైలోకి తోసే యంత్రం) నొక్కితే షెల్ హోల్డర్ (కేస్ అడుగుని పట్టుకునే ముక్క) డైకి ఆనుకుంటుంది, సరే బిగుసుకుందిలే అనుకుంటాం, కానీ కేస్ పెట్టి నొక్కినప్పుడు ఆ బలానికి ప్రెస్ కొంచెం వంగుతుంది, డైకీ హోల్డర్‌కీ మధ్య సన్నటి వెలుగు కనబడుతుంది. ఆ సందు ఉన్నంతసేపు మీరు అనుకున్నంత సైజింగ్ అవ్వలేదని. ఒకసారి వెనక లైట్ పెట్టి చూడండి. ర్యామ్ (ప్రెస్‌లో పైకి లేచే కడ్డీ) పైకి వెళ్ళాక రెండు మూడు సెకన్లు అక్కడే ఆపితే కూడా కొలతలు ఒకేలా వస్తాయి.

కొలిచినా అనుమానం పోకపోతే చాంబర్‌నే అడగండి. బోల్ట్ లోంచి ఫైరింగ్ పిన్ అసెంబ్లీ తీసేసి, ఎజెక్టర్ కూడా తీయగలిగితే తీసేసి, ప్రైమరూ పౌడరూ ఏమీ లేని ఖాళీ సైజ్డ్ కేస్ పెట్టి హ్యాండిల్ వదిలితే అది దాని బరువుకే కిందికి జారాలి. మధ్యలో ఆగితే ఆ కేస్ మొత్తం నల్ల మార్కర్ పూసి మళ్ళీ మూసి తెరవండి, ఎక్కడ నలుపు చెరిగిందో అక్కడ పట్టుకుంటోంది. షోల్డర్ మీద చెరిగితే ఇప్పటిదాకా చెప్పుకున్న సంగతే. అడుగున రిమ్ పైన చెరిగితే కేస్ అడుగు లావుగా ఉంది, చాలాసార్లు కాల్చిన బ్రాస్‌లో వస్తుంది ఇది, కాల్చాక బోల్ట్ చివర్లో టక్కుమని శబ్దం చేస్తూ తెరుచుకునేదీ ఎక్కువగా ఇందువల్లే, అప్పుడు అడుగుని ఇంకా బిగువుగా సైజ్ చేసే స్మాల్ బేస్ డై కావాలి. మూతి దగ్గర చెరిగితే మాత్రం ఆ కేసులేవీ లోడ్ చెయ్యొద్దు. నెక్ పొడవెక్కువై చాంబర్ చివరికి గుచ్చుకుంటే అది బుల్లెట్‌ని వదలకుండా నొక్కి పట్టుకుంటుంది, ప్రెషర్ ఒక్కసారిగా ఎగిసిపోతుంది. 308కి మాక్సిమమ్ 2.015 అంగుళాలు, ట్రిమ్ చేస్తే 2.005కి చేస్తారు, సైజింగ్ చేస్తే కేస్ పొడవు పెరుగుతుంది కాబట్టి సైజ్ అయ్యాకే కొలవాలి. ఖాళీ కేస్‌తో బోల్ట్ సులువుగా మూసుకుని, బుల్లెట్ పెట్టిన రౌండే గట్టిగా ఉంటే బుల్లెట్ ముందుకెళ్ళి రైఫ్లింగ్‌కి (బ్యారెల్ లోపలి మెలి గాళ్ళకి) తగులుతోందేమో చూసుకోండి, అదీ ప్రెషర్ పెంచేదే. ఇంకో సులువైన పరీక్ష, కాల్చిన సైజ్ చెయ్యని కేస్ మూతిలోకి కొత్త బుల్లెట్ చేత్తో వదిలితే జారిపోవాలి, జారకపోతే చాంబర్‌లో నెక్‌కి చోటు చాలట్లేదని.

అన్నీ సరిగ్గా పెట్టినా ఒక కేస్ 1 థౌ, ఇంకోటి 4 థౌ అలా తేడాగా వస్తుంటే బ్రాస్ గట్టిపడిపోయింది. మన పెంబర్తిలో ఇత్తడి రేకు కొట్టేవాళ్ళ పని చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు, కొట్టేకొద్దీ ఇత్తడి మొండికేస్తుంది, నిప్పు చూపిస్తే మళ్ళీ మెత్తబడి మాట వింటుంది. కేస్ కూడా అంతే, ప్రతి ఫైరింగూ ప్రతి సైజింగూ దానికి ఒక సుత్తి దెబ్బ. నెక్‌కీ షోల్డర్‌కీ మాత్రమే వేడి చూపించాలి, అడుగు భాగానికి వేడి ఎక్కితే ఆ కేస్ ఇంక తూటాకి పనికిరాదు, అడుగు మెత్తబడితే ప్రెషర్ ఆపేది ఏమీ ఉండదు.

ప్రశ్న: ప్రైమర్ మీద పిన్ గుంట చుట్టూ గట్టులాగా లేస్తోంది, ఇది ప్రెషరేనా?
– మిషిగన్ పాఠకుడు

జవాబు: కావొచ్చు, కాకపోవచ్చు. మీ రైఫిల్‌లో ఫ్యాక్టరీ తూటాలు ఒక ఐదు కాల్చి వాటి ప్రైమర్లు చూడండి. వాటికీ అదే గట్టు ఉంటే అది రైఫిల్ సంగతి, బోల్ట్ ముఖంలో పిన్ కోసం ఉన్న రంధ్రం పిన్ కంటే వదులుగా ఉన్నా, ఆ రంధ్రం అంచు కొంచెం వాలుగా చెక్కి ఉన్నా, ప్రైమర్ లోహం ఆ సందులోకి పారి గట్టు కడుతుంది. మంచి గన్‌స్మిత్ ఆ రంధ్రానికి బుషింగ్ వేసి సరిచేస్తారు. ఫ్యాక్టరీ వాటికి లేకుండా మీ లోడ్‌కే వస్తుంటే వెనక్కి తగ్గాలి. గట్టు కాదు, ప్రైమర్‌కి చిల్లు పడిందంటే మాత్రం ఆ రోజుకి రైఫిల్ సంచిలో పెట్టేయండి, వేడి గ్యాస్ పిన్ రంధ్రంలోంచి వెనక్కి, మీ మొహం వైపుకే వస్తుంది, బోల్ట్ ముఖాన్ని కూడా తినేస్తుంది.

ప్రశ్న: నాది 30-30 లీవర్ యాక్షన్ రైఫిల్. ప్రైమర్లు గుండ్రంగా కొత్తవాటిలా ఉన్నాయి, ఇంకొంచెం పౌడర్ పెంచొచ్చు కదా?
– ఒహాయో పాఠకుడు

జవాబు: వద్దండి, దయచేసి పెంచొద్దు. 30-30కి హద్దు 42,000 పీఎస్ఐ. ఇత్తడీ ప్రైమరూ మాత్రం 60,000 దాకా మోసే జాతివే, అవి నలిగి మీకు గుర్తు చూపించేసరికి మీ లీవర్ గన్ ఎప్పుడో దాని హద్దు దాటేసి ఉంటుంది. 45-70 తూటా అయితే ఇంకా తక్కువ, 28,000. ఇలాంటి వాటిలో ప్రెషర్ గుర్తుల కోసం వెతకడమే తప్పు, బుక్, త్రాసు, క్రోనోగ్రాఫ్, ఈ మూడే మీకు దిక్కు.

ప్రశ్న: కాల్చిన కేస్ కింది భాగంలో చుట్టూ మెరిసే గీత కనబడుతోంది. కేస్ తెగిపోయే ముందు ఇలా వస్తుందని విన్నాను, కానీ మా ఫ్రెండ్ అది డై గీతేలే అంటున్నాడు. ఎలా తెలుసుకోవాలి?
– నార్త్ కరోలినా పాఠకుడు

జవాబు: రెండూ ఉంటాయి, రెండూ దాదాపు ఒకే చోట ఉంటాయి, అందుకే ఇంత గందరగోళం. డై ఆగిన చోట బయట చిన్న మెట్టులా వస్తుంది, దానివల్ల ఏ ప్రమాదమూ లేదు. లోపల ఇత్తడి పల్చబడి తెగబోతున్న చోట, అంటే అడుగు నుంచి సుమారు పావు నుంచి మూడు ఎనిమిదో వంతు అంగుళం పైన, బయటికి తెల్లగా మెరిసే గీత కనబడుతుంది. తేడా బయట చూస్తే తెలీదు, లోపల తడిమితే తెలుస్తుంది. ఒక పేపర్ క్లిప్ తీగ తిన్నగా చేసి, కొసని చిన్న కొక్కెంలా వంచి, దాన్ని పదును పెట్టి, కేస్ అడుగు నుంచి పైకి గోడ వెంట లాగండి. నున్నగా వస్తే డై గీత. కొక్కెం ఒక చోట గాడిలో పడ్డట్టు తట్టుకుంటే ఆ కేస్‌నే కాదు, దాంతో పాటు అన్నిసార్లు కాల్చిన ఆ బ్యాచ్ మొత్తాన్ని నలిపి పారెయ్యండి. నమ్మకం కుదరకపోతే ఒకదాన్ని హ్యాక్సా బ్లేడుతో నిలువునా కోసి చూడండి, లోపల గోడ సన్నబడిన చోటు కళ్ళకి కనబడుతుంది.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. మొదట్లో నా 30-06 రైఫిల్‌కి డై సెట్ చేసేటప్పుడు షెల్ హోల్డర్‌కి తగిలించి ఇంకో పావు చుట్టు బిగించేవాణ్ణి, కొలవడం అనేదే తెలీదు, ప్రతిసారీ షోల్డర్‌ని 7, 8 థౌ వెనక్కి నెట్టేస్తున్నానని తర్వాతెప్పుడో కంపారేటర్ కొన్నాక తెలిసింది. కాల్చినప్పుడల్లా కేస్ అంత మేర సాగాలి, సాగేది ఆ అడుగు దగ్గరే. ఐదో ఫైరింగ్‌లో శబ్దం కొంచెం తేడాగా వచ్చింది, మొహానికి వేడి గాలి తగిలింది, బోల్ట్ తీస్తే కేస్ అడుగు ముక్క ఒక్కటే వచ్చింది, మిగతా గొట్టం చాంబర్‌లోనే ఉండిపోయింది. కళ్ళజోడు పెట్టుకుని ఉన్నా కాబట్టి ఏమీ అవ్వలేదు. ఆ రోజు నుంచి రేంజ్‌లో మా పిల్లలు చూడ్డానికి వచ్చినా సరే కళ్ళజోడు లేకుండా బెంచి దగ్గరికి రానివ్వను. ఇక్కడ గమనించండి, నా లోడ్ ఎక్కువ కాదు, బుక్‌లో మధ్యలో ఉన్న లోడే, ప్రెషర్ తప్పేమీ లేదు, తప్పంతా సైజింగ్‌లో ఉంది. బెల్టెడ్ మాగ్నమ్ (అడుగు దగ్గర పట్టీలాంటి బెల్ట్ ఉండే తూటాలు) వాడేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, బెల్ట్ మీద హెడ్‌స్పేస్ ఉందిలే, అంటే కేస్‌ని చాంబర్‌లో ఆపేది బెల్టేలే అని డై మొత్తం దించేస్తారు, వాటిని కూడా షోల్డర్ కొలిచే సైజ్ చెయ్యాలి.

ప్రశ్న: గరాజ్ సేల్‌లో పాత రీలోడింగ్ బుక్ దొరికింది. అందులో 308కి ప్రెషర్ 52,000 అని ఉంది, ఇప్పుడందరూ 62,000 అంటున్నారు, అంటే హద్దు పెంచేశారా? ఇంకోటి, మిలిటరీ బ్రాస్ చవగ్గా వచ్చింది, అదే లోడ్ వేసుకోవచ్చా?
– న్యూజెర్సీ పాఠకుడు

జవాబు: పెంచలేదండి, కొలిచే పద్ధతి మారింది. అప్పట్లో టెస్ట్ బ్యారెల్‌కి ఒక చిన్న రాగి ముక్క పెట్టి, కాల్చాక అది ఎంత నలిగిందో కొలిచేవాళ్ళు, ఆ లెక్కని సీయూపీ అంటారు. ఇప్పుడు పీజో సెన్సర్‌తో నేరుగా పీఎస్ఐలో కొలుస్తున్నారు. 308కి 52,000 సీయూపీ, 62,000 పీఎస్ఐ రెండూ ఒకే హద్దు, 30-06కి 50,000, 60,000. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే లెక్క ఏదీ అన్ని తూటాలకీ సరిపోదు, కాబట్టి "ఇంకా 10,000 మిగిలి ఉంది" అనుకునే ఆలోచన మనసులోంచి తీసేయండి. పాత బుక్ అల్మారాలో దాచుకోండి, లోడ్ మాత్రం ఇప్పటి బుక్ చూసి చెయ్యండి.

మిలిటరీ బ్రాస్‌కి అదే లోడ్ వేసుకోకూడదు. తూచి చూడండి, మామూలు కమర్షియల్ 308 కేస్ కంటే మిలిటరీది 20 గ్రెయిన్ల దాకా బరువు ఉండొచ్చు, ఆ బరువంతా లోపలి చోటు తినేసిన ఇత్తడే. పైన టెక్సాస్ తమ్ముడికి చెప్పింది ఇక్కడ కూడా అంతే, కింద నుంచి మొదలెట్టాలి. ప్రైమర్ పాకెట్ అంచుకి క్రింప్ (ప్రైమర్ ఊడకుండా లోపలికి నొక్కిన అంచు) ఉంటుంది, అది తీసెయ్యకుండా కొత్త ప్రైమర్ బలవంతంగా నొక్కొద్దు.

ప్రశ్న: మాది గుంటూరు. మా తాతగారి నుంచి వచ్చిన 315 బోర్ రైఫిల్ ఉంది, లైసెన్స్ నా పేరు మీద ఉంది. ఇక్కడ తూటాలు దొరకడం కష్టంగా ఉంది. అమెరికాలో ఉన్న మా బావ ప్రెస్, డైలు పంపిస్తానంటున్నాడు, ఇంట్లో లోడ్ చేసుకోవచ్చా?
– గుంటూరు పాఠకుడు

జవాబు: చేసుకోకూడదండి, ఇందులో రెండో మాట లేదు. మీ చేతిలో ఉన్నది రైఫిల్ దగ్గర ఉంచుకునే లైసెన్స్, తూటాలు తయారు చెయ్యడానికి 1959 ఆయుధాల చట్టం ప్రకారం వేరే లైసెన్స్ కావాలి. ఇంకో సంగతి చాలామందికి తెలీదు, ఆ చట్టంలో అమ్యూనిషన్ అనే మాటకి ఇచ్చిన అర్థంలోకి తూటా విడిభాగాలు, తూటాలు తయారుచేసే యంత్రాలు కూడా వస్తాయి. అంటే మీ బావ పంపే పార్శిల్ మీకు ఉపకారం కాదు, పెద్ద తలనొప్పి. తాతగారి రైఫిల్‌ని ఒకసారి లైసెన్స్ ఉన్న ఆర్మరర్‌కి చూపించి చాంబర్, బోల్ట్ ఎలా ఉన్నాయో తెలుసుకోండి, పాత రైఫిల్‌కి ముందు చెయ్యాల్సిన పని అది. షూటింగ్ మీద ఇష్టమే అసలు కారణమైతే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఉంది, మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో బ్రాంజ్ తెచ్చింది అందులోనే, అక్కడ పౌడరూ లేదు, బ్రాసూ లేదు, నేర్చుకోవడానికి మాత్రం ఒక జీవితం సరిపడా ఉంది.

ఈ ఉత్తరం చదివాక అమెరికాలో ఉన్నవాళ్ళకి కూడా ఒకటి చెప్పాలనిపించింది. రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగుని ఇండియా ట్రిప్‌కి వాడొద్దు. ఏదో జేబులో, లైనింగ్ కింద ఒక్క రౌండ్ మర్చిపోయి ఉన్నా ఎయిర్‌పోర్టులో స్కానర్‌కి దొరుకుతుంది, ఆ తర్వాత పోలీస్ కేసు, లాయర్, పాస్‌పోర్ట్ సంగతి, అమ్మానాన్నల కంగారు. ఖాళీ కేస్ అయినా సరే తేలిగ్గా తీసుకోవద్దు. రేంజ్ బ్యాగ్ ఒకటి విడిగా కొనుక్కుని దాన్ని గరాజ్‌లోనే ఉంచండి, పిల్లల స్కూల్ బ్యాగ్ ఎప్పుడైనా రేంజ్‌కి తీసుకెళ్ళి ఉంటే దాని జేబులన్నీ తిరగేసి దులిపాకే సూట్‌కేస్ పక్కన పెట్టండి.